వేళ్ళతో నడిపే స్కేట్‌బోర్డు: అరచేతిలో పట్టే ఈ వస్తువు మీద ఇంత ఇష్టం ఎందుకు?

టేబుల్ అంచు (అక్కయ్యపాలెం)

చాలా రోజులుగా రాయాలనుకుంటున్నది ఇది. నిన్న ఆఫీసులో భోజనాలయ్యాక జేబులోంచి బోర్డు తీసి టేబుల్ మీద రెండుసార్లు ఎగరేశాను. పక్క సీటు పెద్దాయన చూసి "ఏటి బాబూ అది, దాన్నే అంతలా చూస్తన్నావు" అన్నారు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగారు. చెప్పబోయి ఆగిపోయాను, టీ తాగే లోపు చెప్పేసే సంగతి కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. మీలో ఆడేవాళ్ళుంటే మీ మాట కూడా చెప్పండి, ఆడనివాళ్ళు సందేహాలుంటే అడగండి.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం: దీన్ని ఫింగర్‌బోర్డు అంటారు. అచ్చం స్కేట్‌బోర్డే, కాకపోతే పొడవు 10 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, వెడల్పు మూడు, మూడున్నర. నాలుగు చక్రాలు, వాటిని పట్టి ఉంచే రెండు ట్రక్కులు, పైన వేళ్ళు జారకుండా గ్రిప్ టేప్. రెండు చివరలూ పైకి వంగి ఉంటాయి, ముందుది ముక్కు, వెనకది తోక. చూపుడు వేలు మధ్యలో, మధ్య వేలు తోక మీద, ఆ రెండు వేళ్ళే రెండు కాళ్ళు. కాళ్ళతో చేసే ఆలీ (చేత్తో పట్టుకోకుండా బోర్డుతో పాటు ఎగరడం), కిక్‌ఫ్లిప్ (ఎగిరిన బోర్డును గాల్లో ఒక చుట్టు తిప్పడం), గ్రైండ్ (ఏదైనా అంచు మీద ట్రక్కులతో రాసుకుంటూ పోవడం) అన్నీ వీటితో చెయ్యొచ్చు.

నాకు ఇది 2014లో దొరికింది. మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ బోర్డు, పుస్తకాల మధ్య పడి ఉండేది. అక్టోబరు 12న మన విశాఖ మీదికి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊరు ఎలా అయిపోయిందో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా వీధిలో చెట్లన్నీ రోడ్డుకి అడ్డంగా పడిపోయాయి, తొమ్మిది రోజులు కరెంటు లేదు, ఫోను లేదు, పొద్దున్నే బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడటమే. సాయంత్రం ఆరు దాటితే చీకటి. నేను కొవ్వొత్తి పక్కన నేల మీద బోర్లా పడుకుని ఆలీ ప్రయత్నించేవాణ్ణి. మధ్య వేలితో తోకను కొడితే 'టప్' అంటుంది, తర్వాత చిన్న ఖాళీ, ఆ తర్వాత నాలుగు చక్రాలూ ఒకేసారి నేలకు తగిలితే 'టక్' అని ఒక్కటే శబ్దం. సరిగ్గా దిగకపోతే 'టటక్' అని రెండు. మూడు రాత్రులూ నాకు టటక్కే. నాలుగో రాత్రి ఒక్కసారి 'టక్' అంది. పక్క గదిలోంచి అమ్మ "ఏం పడిందిరా" అని అడిగింది, నేను జవాబు కూడా చెప్పలేదు, మళ్ళీ వస్తుందా రాదా అన్న టెన్షన్‌లో ఉన్నాను.

నా దగ్గరున్న సమాధానం ఇది. వెయ్యిసార్లు తప్పినా మోకాలు చీరుకోదు, ఎవరూ చూడరు, మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక్క సెకను చాలు. తప్పు ఎక్కడ జరిగిందో వేలికి వెంటనే తెలుస్తుంది. నేను క్రికెట్ ఆడాను, షటిల్ ఆడాను, కొన్నాళ్ళు గిటార్ కూడా నేర్చుకున్నాను. ఇది మాత్రం వాటిలో దొరకలేదు.

రింకు పిల్ల (ఎంవీపీ కాలనీ)

బాగా రాశారు, కానీ నేను ఒప్పుకోను. గొడవకి కాదు, మనసులో మాట చెప్తున్నా. నేను ఏడేళ్ళప్పటి నుంచి వుడా పార్కు రింకులో స్కేటింగ్ నేర్చుకున్నదాన్ని. కాలేజీకి వచ్చాక స్కేట్‌బోర్డు కొనుక్కుని పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే టైముకి వెళ్ళేదాన్ని. స్కేటింగ్‌లో ఉన్నదంతా భయమే. కింద కాళ్ళ దగ్గర చక్రం కదిలినప్పుడు కడుపులో ఒకటి జారుతుంది చూడండి, అది దాటి నిలబడటమే ఆట. నా ఎడమ మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో తిరిగాను. కట్టు తీసిన రోజు మళ్ళీ బోర్డు ఎక్కాలంటే కాళ్ళు వణికాయి, అయినా ఎక్కాను.

మీరు చెప్పిన దాంట్లో ఆ భయమే లేదు. వేళ్ళకి ఏమీ కాదని ముందే తెలిసినప్పుడు అది స్కేటింగ్ ఎలా అవుతుంది? మంచి కాలక్షేపం అనండి, ఒప్పుకుంటాను.

టేబుల్ అంచు (అక్కయ్యపాలెం)

స్కేటింగ్ అని నేను అనలేదండీ, స్కేట్‌బోర్డు అన్నాను. మీరు చెప్పిన భయం నాకు తెలుసు, ఒక్కసారి నిజం బోర్డు ఎక్కి రెండడుగులు వెళ్ళి దిగిపోయినవాణ్ణి. మీకు ఆ భయం దాటడంలో ఆనందం ఉంది. నాకు అది లేనందువల్లే మిగతాదంతా కనిపించింది, అంటే బోర్డు ఎలా తిరుగుతోంది, ఏ క్షణంలో వేలు పక్కకి లాగాలి, ఇవన్నీ. భయం ఉంటే నేను అవేమీ చూసేవాణ్ణి కాదు.

బల్ల మీద భౌతికం (సిరిపురం)

నేను ఫిజిక్స్ చెప్తాను, మా అబ్బాయి వల్ల ఈ బోర్డుతో పరిచయం. "వేళ్ళతో కాబట్టి సులువు" అని చాలామంది అనుకుంటారు, లెక్క వేస్తే అలా లేదు.

ముందు ఆలీ సంగతి. దీన్ని 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు వంపు గోడల మీద చేశాడు, ఆలీ అన్నది అతని ముద్దుపేరు. దాన్ని చదునైన నేల మీదికి తెచ్చినవాడు రాడ్నీ ముల్లెన్, 1980ల మొదట్లో. తోకను గట్టిగా కొట్టగానే బోర్డు వెనక ఇరుసు మీద తూగుడుబల్లలా తిరుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. తోక నేలకు తగిలి ఎదురుదెబ్బ తింటుంది, దాంతో వెనక భాగం కూడా గాల్లోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే ముందు కాలు గ్రిప్ టేప్ మీద రాసుకుంటూ ముక్కు వైపు జరగాలి. ఆ రాపిడే బోర్డును పైకి లాగి సమంగా నిలబెడుతుంది. వేళ్ళతో చేసినా జరిగేది ఇదే, బోర్డు వేళ్ళకి అంటించినట్టు కనిపించడానికి కారణం రాపిడి.

ఇప్పుడు కాలం సంగతి. మామూలు స్కేట్‌బోర్డు 80 సెంటీమీటర్లు ఉంటుంది, ఇది అందులో ఎనిమిదో వంతు. పెద్ద బోర్డు 40 సెంటీమీటర్ల ఎత్తుకి ఎగిరి దిగడానికి సెకనులో సగం కంటే కాస్త ఎక్కువ పడుతుంది. చిన్న బోర్డు అదే నిష్పత్తిలో 5 సెంటీమీటర్లు ఎగిరితే పట్టేది 0.2 సెకను మాత్రమే. వస్తువు ఎనిమిది రెట్లు చిన్నదైంది కదా అని భూమి ఆకర్షణ తగ్గదు, గాల్లో ఉండే సమయం ఎత్తు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. అంటే పెద్ద బోర్డు మీద కాలికి దొరికే సమయంలో దాదాపు మూడో వంతు మాత్రమే వేలికి దొరుకుతుంది. ఆ కాస్తలోనే కిక్‌ఫ్లిప్ కోసం బోర్డు తన పొడవు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగాలి, మళ్ళీ వేళ్ళ కిందికి రావాలి.

ఇంట్లో చూడాలంటే ఫోనులో స్లో మోషన్ పెట్టి తీసి, మూడు రెట్లు నెమ్మదిగా చూడండి. అచ్చం మనిషి ఎగిరినట్టే, అంత బరువుగా కనిపిస్తుంది. సినిమాల్లో బొమ్మ ఓడలు, బొమ్మ రైళ్ళు నిజమైనవిగా కనిపించేలా తీసేది కూడా ఈ లెక్కతోనే. మా అబ్బాయికి వర్గమూలం ఎందుకు నేర్చుకోవాలో నేను చెప్పలేకపోయాను, ఈ వీడియో చెప్పింది.

వాణి (మధురవాడ)

నేను ఆడేదాన్ని కాదు, అమ్మని. మా వాడు ఎనిమిదో తరగతి. ఇంట్లో రోజంతా టక్ టక్ మని శబ్దం, అన్నం ముందు కూర్చున్నా పళ్ళెం అంచు మీద వేళ్ళు ఆడిస్తాడు. పోయిన నెల స్కూల్లో క్లాసులో ఆడాడని టీచర్ లాక్కున్నారు, సంవత్సరం చివర్లో ఇస్తామన్నారు. వాడు ఏడవలేదు. అట్టముక్క కత్తిరించి, రెండు పెన్సిల్ ముక్కలు కింద అంటించి దాంతో ఆడుతున్నాడు. అది చూశాక కోపం రాలేదు, ఏం చెయ్యాలో తెలియలేదు. వద్దనాలా, వదిలెయ్యాలా? ఫోను పట్టుకోవడం తగ్గిన మాట మాత్రం నిజం, అది నేను చూశాను.

సుద్దముక్క (గోపాలపట్నం)

వాణి గారూ, నేను టీచర్‌ని. నేను కూడా ఇలాంటివి లాక్కున్నాను, అప్పుడు తప్పనిపించలేదు, ఇప్పుడు కూడా క్లాసులో అయితే తీసుకుంటాను. కారణం ఒకటే, శబ్దం. నలభై మంది ఉన్న గదిలో ఒక్క 'టక్' వింటే నలభై తలలూ అటే తిరుగుతాయి. కానీ సంవత్సరం చివరిదాకా దాచెయ్యడం నా పద్ధతి కాదు, బెల్లు కొట్టాక ఇచ్చేస్తాను. మీరు ఒకసారి వెళ్ళి మెల్లిగా అడగండి, ఇస్తారు.

అట్టముక్క సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. వస్తువు పోతే వాడు వస్తువు తయారు చేసుకున్నాడు కదమ్మా. ఇంట్లో శబ్దం తగ్గాలంటే ఒక దారి ఉంది, పాత యోగా చాప ముక్క గానీ, బాగా మందంగా ఉన్న మౌస్ ప్యాడ్ గానీ వేసి దాని మీద ఆడమనండి. చక్రాలు కాస్త నెమ్మదిస్తాయి గానీ తోక కొట్టిన దెబ్బ వినపడదు. అన్నం దగ్గర మాత్రం వద్దనండి, అది ఏ వస్తువుకైనా ఒకటే మాట.

పోర్టు తాత (మల్కాపురం)

మా మనవడు ఈ పేజీ తెరిచి చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే టైపు చేస్తున్నాడు. 'టక్' అని ఒక్కటే శబ్దం రావాలన్న మాట దగ్గర ఆపమన్నాను.

నేను పోర్టులో 31 ఏళ్ళు క్రేన్ నడిపాను. చివరి పన్నెండేళ్ళు కంటెయినర్లే. కేబిన్ చాలా ఎత్తున ఉంటుంది, కాళ్ళ కింద అద్దం, అందులోంచి కిందకి చూస్తూ రెండు చేతుల కింద రెండు లివర్లతో పని. కంటెయినర్‌ని పట్టుకునే ఇనుప చట్రానికి నాలుగు మూలలా నాలుగు కొక్కేలు లాంటివి ఉంటాయి, కంటెయినర్ పై మూలల్లో వాటికి సరిపోయే రంధ్రాలు ఉంటాయి. నాలుగూ ఒకేసారి కూర్చోవాలి. మూడు కూర్చుని ఒకటి కూర్చోకపోతే మళ్ళీ ఎత్తాలి, గాలి ఉంటే మళ్ళీ ఊగుతుంది. నాలుగూ ఒకేసారి కూర్చున్నప్పుడు ఆ దెబ్బ సీటులోంచి నడుముకి తెలిసేది. అంత పైనున్న మనిషికి కింద ఏం జరిగిందో చెవి కంటే ముందు నడుము చెప్పేది. లివరు కదిపేది మాత్రం ఇదిగో, ఈ రెండు వేళ్ళే, ధాన్యపు గింజంత కదలిక.

రిటైరయ్యి ఆరేళ్ళయింది. వేళ్ళకి పని లేదు. మనవడి బోర్డు ఎగరెయ్యడం నాకు చేతకాదు గానీ, ముందుకి తోసి అల్మారా అంచు దగ్గర సరిగ్గా ఆపడం వచ్చింది. రోజూ సాయంత్రం కాసేపు చేస్తాను. అంచుకి అగ్గిపుల్ల మందం దూరంలో ఆపితే ఆ రోజుకి చాలు నాకు.

రింకు పిల్ల (ఎంవీపీ కాలనీ)

తాతగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

గాజువాక కుర్రాడు

అన్నలూ అక్కలూ, కొనాలంటే ఏది కొనాలో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా, రెండేళ్ళుగా డబ్బులు పోసి నేర్చుకున్నది.

బొమ్మల షాపుల్లో దొరికే పేరు లేని ప్లాస్టిక్‌వి నూటయాభై, రెండొందలకి వస్తాయి. చక్రాలు తిరగవు, పైన గరుకు కాగితం వేళ్ళని గీరేస్తుంది, మొదలుపెట్టి మానెయ్యడానికి కారణం చాలామందికి అదే. టెక్ డెక్ అనే బ్రాండువి కొంచెం మెరుగు, 96 మిల్లీమీటర్లు, ప్లాస్టిక్కే గానీ కొలతలు సరిగ్గా ఉంటాయి. మొదలుపెట్టేవాళ్ళకి అది చాలు. ఆ తర్వాత చెక్కది. ఐదు పొరల వెనీర్‌తో, అంటే పల్చటి చెక్క రేకులతో చేస్తారు, పైన ఇసుక కాగితం కాకుండా మెత్తటి రబ్బరు ఫోమ్ లాంటి టేప్ ఉంటుంది, వేలు కాస్త తగిలినా పట్టేస్తుంది. చక్రాల్లో నిజం బాల్ బేరింగులు, కందిగింజ సైజులో. ఊది చూస్తే చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. 32 నుంచి 34 మిల్లీమీటర్ల వెడల్పు మన పెద్దవాళ్ళ వేళ్ళకి హాయిగా ఉంటుంది, సన్నటివి మొదట్లో కష్టం.

బయటి దేశం నుంచి తెప్పించుకుంటే పన్నుతో కలిపి నాకు ఆరున్నర వేలు పడింది, పార్ట్‌టైం డబ్బులు మొత్తం రెండు నెలలవి. దానికి ముందు ఒక సైట్‌లో "చెక్క బోర్డు" అని చూసి 900 పెట్టి కొంటే వచ్చింది ప్లాస్టిక్ మీద చెక్క స్టిక్కర్. వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు నిజంగా బాధపడ్డాను, డబ్బు కోసమే కాదు, రెండు వారాలు రోజూ పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకున్నాను.

ఆరున్నర వేలు పెట్టినందుకు ఆలీ రాత్రికి రాత్రి వచ్చిందా అంటే రాలేదు. టెక్ డెక్ మీద వచ్చినవాడికి దీని మీద బాగా వస్తుంది, అంతే.

కొయ్యపని (కంచరపాలెం)

అంత డబ్బు ఎందుకు తమ్ముడూ, చెక్క బోర్డు ఇక్కడే చెయ్యొచ్చు. మాది ఫర్నిచర్ షాపు, మా చెల్లెలి కొడుకు అడిగితే చేసిచ్చాను, ఇప్పటికి పదిహేడు అయ్యాయి, మొదటి నాలుగూ పాడైపోయాయి.

వెనీర్ షీట్లు, అర మిల్లీమీటరు మందం, షాపుల్లో మిగిలిన ముక్కలే చాలు. ఐదు పొరలు. అసలు కిటుకు నార దిశలో ఉంది. ఒకటి, మూడు, ఐదు పొరల నార పొడవునా ఉండాలి, రెండూ నాలుగూ అడ్డంగా. నేను మొదట అన్నీ పొడవునా పెట్టాను, తోక రెండో రోజే నిలువునా చీలిపోయింది. తర్వాత అచ్చు. గట్టి చెక్కలో పై భాగం, కింది భాగం రెండు ముక్కలు, ముక్కూ తోకా పైకి లేచే వంపు, మధ్యలో పక్కల నుంచి కాస్త లోతు. ఆ మధ్య లోతు చాలామంది వదిలేస్తారు, వేలికి పట్టు దొరికేది అందులోనే. పొరల మధ్య ఫెవికాల్ పల్చగా, ఎక్కువైతే బిగించినప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. అచ్చులో పెట్టి సి క్లాంపులు నాలుగు బిగించి ఒక రోజంతా వదిలెయ్యాలి. వానాకాలంలో మన ఊరి తేమకి రెండు రోజులు వదలండి, తొందరపడి తీస్తే వంపు మళ్ళీ చదునైపోతుంది.

తీశాక అట్టతో చేసుకున్న నమూనా పెట్టి గీసి, సన్నటి రంపంతో కోసి, అంచులు ఆకురాయితో గుండ్రం చెయ్యాలి. ఉప్పు కాగితం 180 తర్వాత 320. రంధ్రాలు ఎనిమిది, ఒక్కో ట్రక్కుకి నాలుగు. అర మిల్లీమీటరు తేడా వచ్చినా బోర్డు ఒక పక్కకి పోతుంది, పారెయ్యాల్సిందే. చివర పల్చటి వార్నిష్ రెండు పూతలు.

కోసిన అంచు వైపు నుంచి చూస్తే ఐదు గీతలు కనిపిస్తాయి, నేను మధ్య పొర ఒకటి రంగు వెనీర్ వేస్తాను, ఎర్రది. పెద్ద మంచం చేసినప్పుడు కూడా నాకు అంత చూడబుద్ధి కాదు. ట్రక్కులూ చక్రాలూ మాత్రం బయట కొనాల్సిందే, అది నా పని కాదు.

పాత సంచిక (దాబా గార్డెన్స్)

కొయ్యపని గారూ, అసలు ఈ వస్తువు మొదలైందే ఇలా ఇంట్లో చేసుకోవడంతో. 1985లో వచ్చిన పావెల్ పెరాల్టా అనే స్కేట్‌బోర్డుల కంపెనీ వాళ్ళ వీడియోలో లాన్స్ మౌంటెన్ అనే స్కేటర్ ఇంట్లో చేసిన చిన్న బోర్డుని వేళ్ళతో వంటింటి సింకులో తిప్పుతాడు. బొమ్మ రైలు ఇరుసులు, చెక్క ముక్క, గొట్టం ముక్కలు, అంతే సరుకు. అదే సంవత్సరం ఒక స్కేట్‌బోర్డింగ్ పత్రికలో ఎలా చేసుకోవాలో కూడా రాశాడు. ఎక్కడెక్కడి పిల్లలో అది చూసి చేసుకున్నారు. కొన్నాళ్ళు స్కేట్ షాపుల్లో తాళంచెవుల గొలుసుకి వేలాడే బొమ్మగా మిగిలింది. 1998లో టెక్ డెక్ వచ్చాక బడి సంచుల్లోకి చేరింది. ఆ తర్వాత జర్మనీ వాళ్ళు దీన్ని పట్టుకుని చెక్క బోర్డులూ లోహపు ట్రక్కులూ సరైన కొలతలతో తయారుచేయడం మొదలుపెట్టారు. ష్వార్జెన్‌బాఖ్ అనే చిన్న ఊళ్ళో బ్లాక్‌రివర్ అనే సంస్థ ఉంది, అక్కడ పోటీలు జరుగుతాయి, వేరే దేశాల వాళ్ళు కూడా విమానమెక్కి వెళ్తారు.

వాణి గారి అబ్బాయి అట్టముక్క, పెన్సిల్ ముక్కల దగ్గర మొదలుపెట్టాడు అంటే ఆ వరసలోనే ఉన్నాడు.

లక్క చక్రం (నర్సీపట్నం)

మాది ఏటికొప్పాక దగ్గర, అమ్మమ్మ ఊరు. ఇక్కడ చెప్పదగ్గ ప్రయత్నం ఒకటి చేశాను.

ఏటికొప్పాక బొమ్మలు మీకు తెలిసినవే, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరాహ నది ఒడ్డున, లేతు మీద అంకుడు కర్ర తిప్పి చేస్తారు. అంకుడు కర్ర మెత్తగా ఉంటుంది, నార దగ్గరగా ఉంటుంది, ఎంత చిన్న వస్తువైనా అంచు రాలదు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, ఆ మీద మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. నాకు తెలిసిన కళాకారుడి దగ్గరికి ఒక ప్లాస్టిక్ చక్రం పట్టుకెళ్ళి ఇలాంటివి నాలుగు కావాలన్నాను. ఏడు మిల్లీమీటర్లు. ఆయన చేతిలో తిప్పి చూసి "దీనికి బొమ్మేది?" అన్నారు, బోర్డు చూపించాను, టీ గ్లాసు పక్కన పెట్టి దాన్ని బల్ల మీద అటూ ఇటూ తోసి చూశారు. పది నిమిషాల్లో నాలుగు చేశారు, పసుపు రంగువి రెండు, ఎర్రవి రెండు.

పనిచేశాయా అంటే సగమే. దొర్లుతుంటే వచ్చే శబ్దం ప్లాస్టిక్ కంటే చాలా బాగుంది, మెత్తగా, గవ్వలు దొర్లినట్టు. కానీ లక్క నునుపుకి గ్రానైట్ మీద పట్టు లేదు, దిగగానే పక్కకి జారిపోతోంది. ఇంకోటి, బేరింగు కూర్చునే రంధ్రం కర్రలో కదా, నెల తిరిగేసరికి వదులైంది. ఈసారి బేరింగు లేకుండా సన్నటి ఇత్తడి గొట్టం వేసి చూద్దామని ఉంది, నేలకి తగిలే చోట లక్క వెయ్యకుండా ఉత్త కర్ర వదిలేసి. ఎవరైనా ఇలా చేసి చూశారా?

కొయ్యపని (కంచరపాలెం)

అంకుడు కర్ర వదులవుతుంది, తేమకి ఉబ్బి ఎండకి తగ్గుతుంది. ఇత్తడి గొట్టం మంచి ఆలోచనే. గొట్టం బయటి వైపు ఆకురాయితో కాస్త గీతలు పెట్టి, అరల్డైట్ చుక్క వేసి కూర్చోబెట్టండి. ఒక జత నాకూ చేయించండి, డబ్బులిస్తాను.

గాజువాక కుర్రాడు

బేరింగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. నావి మూడు నెలల్లో తుప్పు పట్టాయి. మాకు సముద్రం అంత దగ్గర కూడా కాదు. కిటికీ పక్కన టేబుల్ మీద ఉంచేవాణ్ణి, ఒక రోజు చూస్తే రెండు చక్రాలు బిగుసుకుపోయాయి. మీరంతా ఏం చేస్తున్నారు?

టేబుల్ అంచు (అక్కయ్యపాలెం)

మన ఉప్పు గాలికి అది తప్పదు తమ్ముడూ. మందుల సీసాల్లో, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచుకో, మూత గట్టిగా ఉండే చిన్న స్టీలు డబ్బాలో బోర్డుతో పాటు వెయ్యి. నెలకోసారి కుట్టుమిషను నూనె, సూది మొనతో ఒక్క చుక్క, అంతకంటే ఎక్కువ వద్దు, ఎక్కువైతే దుమ్ము పట్టి ముద్ద అవుతుంది. బీచ్‌లో ఆడి వస్తే ఆ రాత్రే పొడి బ్రష్‌తో తుడిచెయ్యాలి, ఒక్క ఇసుక రేణువు చాలు కరకరమని అరగదీస్తుంది. బిగుసుకున్నవాటిని పారెయ్యకు, పెట్రోలు మూతలో ఒక రాత్రి నానబెట్టి చూడు, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. నావి నాలుగింటిలో మూడు వదిలాయి.

వాణి (మధురవాడ)

సుద్దముక్క గారూ, మీరు చెప్పినట్టే స్కూలుకి వెళ్ళాను. ఇచ్చేశారు, క్లాసులో తియ్యనని వాడి చేత రాయించుకున్నారు. చాప ముక్క కూడా కోసిచ్చాను. భౌతికం గారు చెప్పిన స్లో మోషన్ నిన్న రాత్రి తీశాం, నేనే ఫోను పట్టుకున్నాను. ఆ మూడు సెకన్ల వీడియోలో వాడి చూపుడు వేలు పక్కకి లాగడం, బోర్డు తిరగడం, మళ్ళీ గోటి కిందికి రావడం చూశాను. ఇంట్లో ఇన్నాళ్ళూ శబ్దమే విన్నాను, ఇది చూడలేదు. వాడు నా కంటే ముందు తప్పు పట్టుకున్నాడు, "అమ్మా, వెనక వేలు లేటుగా లేచింది చూడు" అన్నాడు. తర్వాత నలభై నిమిషాలు వాడు ఆడాడు, నేను తీశాను.

ఒకటి అడగాలి. వాడికి ఇక్కడ ఎవరూ తోడు లేరు. ఊళ్ళో ఆడేవాళ్ళు ఎక్కడైనా కలుస్తారా?

టేబుల్ అంచు (అక్కయ్యపాలెం)

ఇప్పటిదాకా లేదండీ, కానీ కలుద్దాం. ఆదివారం పొద్దున ఆరింటికి, ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక గట్టు వెడల్పుగా ఉండే చోట. బండ్లు ఉండవు, ఎండ ఉండదు. గట్టు మీద సిమెంటు గరుకుగా ఉంటుంది, చక్రాలు అరిగిపోతాయి, అందుకని నేను గ్రానైట్ ముక్క తెస్తాను. గ్రానైట్ కోసే షాపుల దగ్గర మూలల ముక్కలు పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. నాది అడుగున్నర పొడవు, ఒక అంచు పాలిష్ చేసి ఉంది, దానికి కొవ్వొత్తి రుద్దితే గ్రైండ్ ఎంత నున్నగా పోతుందో చూపిస్తాను. కర్టెన్ రాడ్ ముక్క ఉన్నవాళ్ళు తెండి, రెయిలు పెడదాం. వాణి గారూ, అబ్బాయిని తీసుకురండి, అట్టముక్క బోర్డు కూడా తెమ్మనండి, చూడాలని ఉంది.

కొయ్యపని (కంచరపాలెం)

నేను వస్తా. రెండు బోర్డులు పూర్తయ్యాయి, ట్రక్కులు లేవు. ఒకటి వాణి గారి అబ్బాయికి, ట్రక్కులు గాజువాక తమ్ముడి దగ్గర పాతవి ఉంటే బిగిద్దాం.

గాజువాక కుర్రాడు

ఉన్నాయన్నా, టెక్ డెక్‌వి ఒక జత. తెస్తా. స్క్రూడ్రైవర్ కూడా.

పోర్టు తాత (మల్కాపురం)

మనవడు తీసుకొస్తానన్నాడు. నాకు కూర్చోడానికి ఎత్తు గట్టు ఉంటే చాలు.

రింకు పిల్ల (ఎంవీపీ కాలనీ)

ఇది స్కేటింగ్ కాదన్న మాట మీదే ఉన్నాను. కానీ ఆ టైముకి నేను ఎలాగూ అక్కడే ఉంటాను, పెద్ద బోర్డుతో. భౌతికం గారూ, 40 సెంటీమీటర్ల ఆలీ నాకు రాదు, 25 వరకు వస్తుంది. చిన్న బోర్డు మీద దానికి ఎంత ఎత్తు, ఎంత సమయం లెక్క వేసి ఉంచండి, రెండూ పక్కపక్కన ఒకే ఫోనులో తీద్దాం.

బల్ల మీద భౌతికం (సిరిపురం)

25కి చిన్న బోర్డు మీద 3.1 సెంటీమీటర్లు. మీది గాలిలో 0.45 సెకను, దానిది 0.16. స్టాండు నేను తెస్తాను.

లక్క చక్రం (నర్సీపట్నం)

మొదటి బస్సు పట్టుకున్నా ఆరింటికి రాలేను, ఏడున్నర అవుతుంది, ఉంటారా? ఇత్తడి గొట్టం వేసిన చక్రాలు శనివారం చేతికి వస్తాయి.

టేబుల్ అంచు (అక్కయ్యపాలెం)

ఉంటాం. ఎండ ఎక్కితే చెట్టు నీడలోకి జరుగుతాం. వచ్చాక ఇక్కడ మెసేజ్ పెట్టండి.